చౌరా కుండ: మూడు దీవులను కలిపిన మట్టిపని

నికోబార్ దీవుల వరుసలో కార్ నికోబార్‌కు దక్షిణాన, తెరెస్సాకు ఉత్తరాన ఉన్న చౌరా విస్తీర్ణం సుమారు 8 చదరపు కిలోమీటర్లే. 2011 జనగణన నాటికి అక్కడి జనాభా దాదాపు 1,300. మంచినీటికీ కొరత ఉన్న ఈ దీవిలో కెప్టెన్లు అనే గ్రామపెద్దలూ, వారితో కూడిన గిరిజన మండలీ ఊరి వ్యవహారాలు నడిపిస్తారు. ఇంత చిన్న దీవి తరతరాలపాటు నికోబార్ అంతటికీ వంటకుండలు సమకూర్చింది. తక్కిన దీవులవారు తమ అవసరానికి చౌరా వైపే చూశారు.

బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ హొరేస్ మాన్ 1894లో ప్రచురించిన వ్యాసంలో ఈ పనితనాన్ని వివరంగా నమోదు చేశాడు. తెలుగునాట కుమ్మరి సారె తిప్పి కుండను పైకి లేపుతాడు. చౌరాలో సారె లేదు, మట్టి సిద్ధం చేయడం మొదలు కాల్చడం దాకా పనంతా స్త్రీలదే. పనికివచ్చే బంకమట్టిని పడవల మీద తెరెస్సా నుంచి తెచ్చుకుని, అందులోని రాళ్లు ఏరి, సన్నని ఇసుక కలిపి మెత్తగా పిసుకుతారు. కొబ్బరాకులతో బిగించి అల్లిన చుట్టకుదురు మీద ముందుగా కుండ అడుగును అదిమి తీర్చి, ఆపైన మట్టిని తాళ్లలా పేని ఒకదానిమీద ఒకటి వలయాలుగా పేరుస్తూ గోడను లేపుతారు. సారె చేయవలసిన పనిని ఇక్కడ చేతులే చేస్తాయి; ఒక చేయి కుండను మెల్లగా తిప్పుతుంటే రెండో చేయి అతుకులు కనబడకుండా నునుపు చేస్తూ పోతుంది. ఒకటి రెండు రోజులు ఆరిన తరువాత ఆల్చిప్పతోనూ వెదురుబద్దతోనూ గీకి, గోడ మందాన్ని అంతటా సమం చేస్తారు.

కాల్చడానికి కట్టుదిట్టమైన ఆవం ఉండదు. నేలమీద నిలబెట్టిన పెంకుల మీద కుండను బోర్లించి, కింద కొబ్బరిచిప్పలు వేసి, చుట్టూ కట్టెలు పేర్చి మంట పెడతారు. అసలు నేర్పు కుండను మంటలోంచి తీసిన క్షణంలో కనిపిస్తుంది: వేడి తగ్గకముందే లేత కొబ్బరిపీచు పట్టీలను దానిమీద అద్దితే, పీచులోని రసం కాలి ముదురు చారలుగా నిలిచిపోతుంది. రంగురాయి గానీ పూత గానీ అక్కరలేని ఈ అలంకారంతోపాటు, చేసినవారిని గుర్తించడానికి వీలుగా కుండమీద ఒక గుర్తు కూడా ఉంటుంది. పందిమాంసాన్నీ, మొగలి కుటుంబానికి చెందిన పెద్ద పండునూ ఉడికించడానికి నికోబారీలు ఈ కుండలనే వాడేవారు.

కుండలను మరో దీవిలో చేస్తే భూకంపమో, ఆకస్మిక మరణమో సంభవిస్తుందన్న నమ్మకం ఉండేదని మాన్ రాశాడు. దీన్ని కేవలం మూఢనమ్మకంగా కొట్టిపారేస్తే అది కాపాడిన ఏర్పాటు కంటపడదు. మట్టి తెరెస్సాది, పనితనం చౌరాది, వాడకం కార్ నికోబార్ వంటి దీవులది. దుంగను తొలిచి, తరంగాలకు తిరగబడకుండా పక్కన తేలుడు కొయ్య కట్టిన హోడీ అనే పడవ సైతం కార్ నికోబార్‌వారికి చౌరా మధ్యవర్తిత్వంతోనే అందేది. సహజసంపద తక్కువైన చిన్న దీవికి బతుకుతెరువు దక్కడం, పెద్ద దీవులవారు సముద్రం దాటి రాకపోకలు సాగించడం, ఆ రాకపోకల్లో బంధుత్వాలు నిలవడం, ఈ మూడూ ఆ కట్టుబాటు ఫలితాలే. కనుక చౌరా కుండను ఒక వస్తువుగా గాక దీవుల మధ్య ఒప్పందంగా చూడడమే సరైన పద్ధతి.

అల్యూమినియం గిన్నెలు అంగళ్లకు వచ్చాక కుండల అవసరం తగ్గింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత చౌరా వాసులను తెరెస్సాకు తరలించగా, వారు కొంతకాలానికి తిరిగి తమ దీవికి చేరుకున్నారు. అలా తిరిగిరావడమే ఆ నేలతో వారికున్న అనుబంధానికి నిదర్శనం. అయితే ఇల్లూ తోటా మళ్లీ నిలబెట్టుకునే కష్టకాలంలో కుండపనికి తీరిక దొరకడం కష్టమే.

1956 నాటి ఆదిమతెగల రక్షణ నిబంధనల ప్రకారం బయటివారు అనుమతి లేకుండా నికోబార్ దీవులకు వెళ్లకూడదు. పర్యాటకుల కొనుగోళ్లతో ఈ కళను బతికించాలన్న ఆలోచన అందువల్ల ఇక్కడ పొసగదు, పొసగనవసరం కూడా లేదు. ప్రదర్శనశాల కుండ రూపాన్ని దాచగలదే గాని, మట్టి ఎంత తడిగా ఉండాలో, పీచును ఏ వేడిలో అద్దాలో నేర్పలేదు. ఆ తెలివి పెద్దతరం స్త్రీల నుంచి చేతిపనిగానే పిల్లలకు చేరాలి. కళను నిలుపుకోవాలా, ఎలా నిలుపుకోవాలి అన్న నిర్ణయం గిరిజన మండలిదీ ఆ స్త్రీలదీ కాగా, తెరెస్సా మట్టీ, హోడీ దారీ వారికి అందుబాటులో ఉండేలా చూడడమే ప్రభుత్వం చేయదగిన మేలైన సహాయం.