పని మానిపించే వైద్యం

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాయగా 1892లో అచ్చయిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ను దయ్యాల కథంటారు కొందరు. నాకలా తోచదు. బిడ్డ పుట్టాక మనసు చెదిరిన ఇల్లాలిని డాక్టరు భర్త విశ్రాంతి తీసుకోమంటాడు, కలం ముట్టుకోవద్దంటాడు. ఆమెకి ఉన్న కాస్త మతీ పోతుంది. అతగాడు దుర్మార్గుడు కాడు, ప్రేమగలవాడే. కథకి బలం అక్కడే ఉంది.

మన ఆఫీసుల్లో మాత్రం? “సెలవు పెట్టుకోమ్మా” అనడం సులువు. పనివేళలు కాస్త మార్చమంటేనే ఫైలు కదలదు! మానసిక వ్యాధినీ వైకల్యాల్లో చేర్చిన 2016 నాటి చట్టం, ప్రభుత్వోద్యోగికి తగిన సర్దుబాటు చెయ్యాలంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదంది. మళ్ళీ పనిలో పడ్డాకే తేరుకున్నానని గిల్మన్ 1913లో రాసింది. ఆఫీసర్లు చట్టంతోపాటు ఈ కథా చదివితే బాగుండును.