ఎరిగిన ఊరినే అడగాలి

"మీ ఊళ్లో చూడ్డానికేముంది?" అని చుట్టాలు అడిగితే నెల్లిమర్లలో వచ్చే జవాబు ఒకటే: "ఏముంది, జూట్ మిల్లు, పక్కన రామతీర్థం." ఊరి మీద ప్రేమ లేక కాదు. బతుకు నడవడానికి ఎంత అవసరమో అంతవరకే కన్ను చూస్తుంది. మిల్లు అంటే డ్యూటీ వేళ, రామతీర్థం కొండ అంటే దిగాల్సిన స్టాపు. ఆ అవసరం తీరాక చూపు అక్కడ నిలవదు.

అందుకే ఊరి గురించి రాసే ఈ పనిలో నేనొక అలవాటు చేసుకున్నాను. "ఏముంది?" అని అడగను. "ఎలా చేస్తారు? ఎవరు చేశారు?" అని అడుగుతాను.

గోగు కోతల రోజుల్లో ఒక చెరువు దగ్గర ఆగాను. కట్టలు నీళ్లలో మునిగి ఉన్నాయి, పైన బరువులు పెట్టారు. కుళ్లు వాసన గట్టు దాకా కొడుతోంది. "ఇందులో సూడ్డానికేటుంది బాబూ, గోగే కదా!" అన్నాడు నడుంలోతు నీళ్లలో ఉన్న పెద్దాయన. నానిందని ఎలా తెలుస్తుందని అడిగాను. ఆయన ఒక కాడ లాగి, మొదలు దగ్గర బొటనవేలితో బెరడు ఎత్తి పైకి జారించాడు. జానెడు మేర సులువుగా వచ్చి, ఆపైన పుల్లకు పట్టుకుంది. "ఇంకో రెండ్రోజులుండాల. ఇప్పుడు తీస్తే నార సెడుద్ది. మరీ నానితే బలముండదు." అక్కడి నుంచి ఆయన నేనడగకుండానే చెప్పుకుపోయాడు. ఏ చెరువు నీటిలో నార తెల్లగా వస్తుందో, నీరు చాలని ఏడు ఏం చేస్తారో అన్నీ. మన కంచంలోకి గోంగూరగా వచ్చే జాతి మొక్కే గోనెసంచికి నార ఇస్తోంది. ఆ విద్య ఆయన బొటనవేలిలో ఉంది. ఎవరూ అడగరు కాబట్టి ఆయనకూ అదొక విద్య అనిపించలేదు.

రామతీర్థంలోనూ అంతే. శ్రీరామనవమికి వచ్చినవాళ్లు దర్శనం చేసుకుని తిరుగుబస్సు ఎక్కుతారు. పక్కనే గురుభక్తకొండ మీద బౌద్ధ విహారాల ఇటుక పునాదులున్నాయి. అలెగ్జాండర్ రీ తవ్వకాల నివేదిక 1910-11 నాటి పురావస్తు శాఖ సంపుటంలో ఉంది. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఉంది. ఆ రాజుకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ కొండకు మొక్కాడని అది చెబుతుంది. మూడు మతాలవాళ్లు ఒకే చోటును పవిత్రమనుకున్నారు. మనకది పిక్నిక్ స్పాట్.

చూడటమంటే ఏమిటో ఈ నేల మీదే ఒకాయన చేసి చూపించారు. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. సవర గిరిజనులను ఆ ఊరంతా రోజూ చూసేది. వాళ్ల మాట నేర్చుకోవాలనుకున్నది ఆయన. ఆ శ్రమ ఫలితంగా సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. ముఖలింగం గుడి గోడల మీది రాతలనూ పాత లిపి నేర్చుకుని చదివారు. జనం నోట రోజూ నలిగే తెలుగు కోసం జీవితమంతా పోరాడారు. ఇదంతా ప్రత్యేకమైన చూపు వల్ల కాలేదు. తెలిసినదాని దగ్గరే ఆగి, తెలియదనుకుని, నేర్చుకోవడం వల్ల అయింది.

పట్టించుకోనిది పోయినా మనకు తెలియదు, భయమల్లా అదే. గుట్ట మీది ఇటుక ఎవరి ఇంటి గోడలోకో పోతుంది. నార తీసే నేర్పు ఒక తరంతో పోతుంది. ఎవరూ దొంగిలించనక్కర్లేదు.

ఈ ఆదివారం మీ వీధిలో రోజూ చూసే పని ఒకటి ఎంచుకోండి. ఆ పని చేసే మనిషి దగ్గర కూర్చుని ఎలా చేస్తారో అడగండి. చెప్పింది చెప్పినట్టు, ఆ యాసలోనే రాసిపెట్టండి. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఎక్కడినుంచో రావాలని కాచుకోనక్కర్లేదు.