రాయి పలికితేనే ఉలి పడుతుంది

లుంబినీ పార్కులో పడవెక్కినవాళ్ళంతా హుస్సేన్‌సాగర్ నడుమ బుద్ధుడి పాదాల దగ్గర దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు, తిరిగొస్తారు. ఆ విగ్రహం పెట్టించిందెవరని అడిగితే ఎన్టీఆర్ అని పిల్లలు కూడా చెబుతారు. చెక్కిందెవరంటే మాత్రం పడవలో ఎవరూ నోరు విప్పరు. ఆయన ఎస్.ఎం. గణపతి స్థపతి. ఆ పేరు మనవాళ్ళకి తెలియకపోవడం నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఆయన 1931లో తమిళనాట స్థపతుల కుటుంబంలో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ శాఖలో స్థపతిగా ఉంటూ బతుకులో ఎక్కువ భాగం మన గుళ్ళ మధ్యే గడిపారు. 1990లో పద్మశ్రీ వచ్చింది, 2017లో కన్నుమూశారు. కన్యాకుమారి సముద్రంలో 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహాన్ని నిలిపిన వి. గణపతి స్థపతి వేరే మనిషి. పేర్లు కలవడంతో ఈయన పని ఆయన ఖాతాలో, ఆయన పని ఈయన ఖాతాలో పడుతుంటుంది.

న్యూయార్క్‌లో స్వేచ్ఛాప్రతిమను చూసొచ్చిన రామారావుగారికి మన నగరానికీ అలాంటిదొకటి ఉండాలనిపించింది. అది ఏకశిల కావాలన్నారు. అక్కడ స్థపతి పని మొదలైంది. ఉలి పట్టడంతో కాదు, రాయిని వెతకడంతో. భువనగిరి దగ్గర రాయగిరిలో తెల్ల గ్రానైటు కొండ దొరికింది. 1985లో పని మొదలుపెట్టారు.

రాతిని ఎంచడం గురించి శిల్పశాస్త్రాలు చాలా చెబుతాయి. తడితే గంటలా మోగేది పురుష శిల, కంచు పళ్ళెంలా పలికేది స్త్రీ శిల, పలకనిది నపుంసక శిల. దేవుడికి మొదటిది, దేవేరికి రెండోది. మూడోది విగ్రహానికి పనికిరాదు. వినడానికి నమ్మకంలా ఉంటుంది గానీ, ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఒక శిల్పశాలలో ఒక పెద్దాయన నాకు దీన్ని చేసి చూపించారు. పక్కపక్కనే ఉన్న రెండు బండల్ని ఒకే సుత్తితో కొట్టారు. ఒకటి ఖంగుమంది. రెండోది పగిలిన కుండని తట్టినట్టు డబ్బుమంది. "లోపల నెర్రె ఉంది సార్, సగం చెక్కాక విడిపోద్ది" అన్నారు. నా కళ్ళకి రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయన చెవికి మాత్రం రాయి లోపలంతా తెలిసిపోయింది.

ఇక కొలత. శాస్త్రంలో అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు. ఉత్తమ దశతాళం అనే కొలత పద్ధతిలో మూర్తి ఎత్తునంతా 124 భాగాలు చేస్తే ఒక భాగం ఒక అంగుళం. పన్నెండు అంగుళాలు ఒక తాళం, దాదాపు ముఖమంత. ఒక అంగుళాన్ని మళ్ళీ ఎనిమిది యవలు చేస్తారు. కాబట్టి అరచేతిలో ఇమిడే విగ్రహానికీ కొండంత విగ్రహానికీ ఒకటే లెక్క. 58 అడుగుల ఈ బుద్ధుడికి ఆ తాళం వేసి చూడండి, ముఖమే అయిదున్నర అడుగులు దాటుతుంది. మామూలు మనిషి నిలువెత్తు ముఖం! కొండ మీద వందల మంది శిల్పులు పనిచేసినా ఆ ముఖం ఒక్క చేతిలోంచి వచ్చినట్టుండటానికి ఈ లెక్కే ఆధారం. శాస్త్రం పనిని నలుగురికి పంచింది. స్థపతి నిర్ణయిస్తాడు, సూత్రగ్రాహి దారం పట్టి కొలతలు గీస్తాడు, తక్షకుడు చెక్కుతాడు, వర్ధకి కూర్చి పూర్తిచేస్తాడు.

అయితే శాస్త్రం గర్భగుడి కోసం పుట్టింది. అక్కడ దీపం వెలుగులో నాలుగు మూరల దూరం నుంచి చూస్తాం. ఇక్కడేమో ట్యాంక్‌బండ్ మీద బస్సు కిటికీలోంచి చూస్తాం. కంఠాభరణాల నగిషీ అంత దూరం ఆనదు. ఆనేవి పెద్ద పెద్ద తలాలు, వాటి మీద పడే నీడలు. నగలేమీ లేని బుద్ధుడు ఈ చోటికి అందుకే అంత బాగా కుదిరాడంటాను నేను. పైగా ఎత్తైన విగ్రహాన్ని కింద నిలబడి చూస్తే తల చిన్నదైపోయి కనిపిస్తుంది. అలాంటప్పుడు లెక్కని ఎక్కడ ఎంత సడలించాలో స్థపతి కంటికే తెలియాలి.

అన్నిటికన్నా కష్టం ఆ అభయహస్తం. మట్టితో చేసేవాడు చెయ్యి విడిగా చేసి అతికిస్తాడు. కంచు పోసేవాడు పెద్ద విగ్రహాన్ని ముక్కలుగా పోసి కలపగలడు. ఏకశిలలో చెయ్యి మొదటి రోజే బండలో ఉండాలి. దాని చుట్టూ ఉన్నదంతా తీసేసుకుంటూ పోవాలి. గ్రానైటు మెత్తగా తెగదు, మొన ఉలి దెబ్బకి పిసరు పిసరుగా రాలుతుంది. చేతికీ ఒంటికీ మధ్య రాయి పలచబడేకొద్దీ దెబ్బ తేలికవ్వాలి. ఒక వేలు విరిగితే మళ్ళీ పెట్టేది లేదు.

350 టన్నుల ఆ మూర్తిని 1988లో 192 చక్రాల వాహనం మీద నగరానికి తెచ్చారు. 1990 మార్చి 10న బల్లకట్టు మీద సాగర్‌లోకి తీసుకెళ్తుంటే అది ఒరిగిపోయింది. విగ్రహం నీళ్ళలో పడింది, దానితోపాటు కూలీల ప్రాణాలూ పోయాయి. ఆ కుటుంబాలను తలుచుకోకుండా ఈ విగ్రహం గురించి మాట్లాడటం నాకు చేతకాదు. రెండున్నరేళ్ళకు పైగా బుద్ధుడు బురదలోనే ఉన్నాడు. పైకి తీశాక చూస్తే విగ్రహానికి దెబ్బ తగల్లేదు. 1992 డిసెంబరు 1న పీఠం మీద నిలబెట్టారు. రాయగిరిలో ఆ రాయిని ఎంచినవాళ్ళ చెవి ఎంత నికార్సయినదో అప్పుడు తేలింది.

తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప కళాశాల 1960 నుంచీ ఈ తాళాలనీ సూత్రాలనీ నేర్పుతోంది. ఆళ్లగడ్డలోనూ పల్నాడు దుర్గిలోనూ ఇళ్ళలోనే నేర్చుకుంటారు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, నెలల పని రోజుల్లో అవుతోంది. అందులో తప్పేమీ లేదు, ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ముకి అడ్డం కట్టుకోవడం ఒక్కటే అలవాటు కావాలి. ఆళ్లగడ్డ పెద్దాయన దగ్గర పదహారేళ్ళ కుర్రాడొకడు పని నేర్చుకుంటున్నాడు. మొనపోయిన ఉలుల్ని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి వరసగా పేరుస్తున్నాడు. బండ మీద ఎప్పుడు చెయ్యి వేయనిస్తారని అడిగాను. "ఉలి మొన ఎప్పుడు పోయిందో చప్పుడు విని చెప్పాలంట సార్, అప్పుడు" అన్నాడు. లోపల్నుంచి దెబ్బలు వినిపిస్తున్నాయి. వాడు అటు చెవి పెట్టి వింటూనే పటకారుతో ఇంకో ఉలిని కొలిమిలోకి తోశాడు.