తాత్కాలిక కళకు గ్రాంటు – గుడివాడనుండి యొక విమర్శ

అమెరికాదేశమున బ్లూంబర్గ్ దాతృసంస్థవారు 2014వ సంవత్సరమున పట్టణములకొక పోటీ నేర్పరచిరి. ముప్పదివేలకు తక్కువగాని జనసంఖ్యగల పట్టణము లందు చేరవచ్చును. ఊరిని పీడించు సమస్య నొకదానిని చేపట్టి, కళాకారులును జనులును గలసి, వీథులలో కొంతకాలము మాత్రమే నిలుచు కళారచనను చేయవలెను. నెగ్గిన పట్టణమునకు పదిలక్షల డాలర్లవరకు ద్రవ్యమిత్తురు. తొలిసారి రెండువందలకు మించిన పట్టణములు అర్జీలు పెట్టుకొనగా 2015లో నాలుగింటికి దక్కినది. 2018లోను, 2023లోను మరల కొన్ని పట్టణములకు ఇచ్చిరి.

ఆ దూరదేశపు ముచ్చట మనకేల యని చదువరు లడుగవచ్చును. గుడివాడ జనసంఖ్య 2011 లెక్కలలో 1,18,167. జనసంఖ్యయే కొలతయైనచో మనయూరు ముమ్మారు అర్హము. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మన పురపాలక సంఘములును కొంతకాలముగా వీథికళకు వ్యయము చేయుచునే యున్నవి. 2016 ఆగస్టులో కృష్ణాపుష్కరములకు బెజవాడ గోడలు బొమ్మలతో నిండినవి. ఆ యేడే మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ పోటీ పుణ్యమా యని చిన్న పట్టణముల ప్రహరీలకును రంగులు పట్టినవి. చెట్టు, చీపురు, గాంధిగారి కండ్లజోడు – ఏ యూరికి పోయినను ఇవియే. ఆ గోడక్రిందనే చెత్తకుప్ప. గోడమీది బొమ్మ కుప్పను చూడదు, కుప్ప వేసినవాడు బొమ్మను చూడడు. ఆ బొమ్మను వ్రాసిన కూలివానిని ఆ వీథివా రెవరును ఎరుగరు.

న్యూజెర్సీలోని కామ్డెన్ పట్టణమువారు చేసినపని దీనికి భిన్నము. పొరుగూళ్లనుండి బండ్లలో తెచ్చి తమయూరి ఖాళీస్థలములలో చెత్త పోసిపోవుట వారి బాధ. 2018లో బహుమానము పొంది, 2021లో సరిగా ఆ చెత్తపోయు తావులలోనే రచనలు నిలిపిరి. పాత కార్ల పైరేకులతో చేసిన పెద్ద చిరుతపులి యందొకటి. న్యూయార్కు రాష్ట్రములోని ఆల్బనీ, స్కెనెక్టడీ, ట్రాయ్ పట్టణములు మూడును గలసి, ఎవరును కాపురములేక పాడువడిన కొంపల కిటికీలలో 2016 శరత్కాలమున దీపములు పెట్టినవి. సాయంకాలమైనంతనే ఆ వెలుగు ఊపిరి తీసి విడిచినట్లు హెచ్చుచు తగ్గుచుండెనట. ఆ దీపముల వలన ఇండ్లు బాగుపడినవని మేము చెప్పజాలము. కాని దినదినమును ఆ దారిని నడచుచు కన్నెత్తి చూడనివారు ఆ రెండుమాసములు చూడక తప్పలేదు. మన గోడబొమ్మకు లేనిది ఈ గుణమే. సమస్యయున్న చోటనే అది నిలువదు, దానిని కప్పివేయును.

ఇక తాత్కాలిక మను మాట. రాతిమీదను కంచుమీదను మనకు మక్కువ మెండు. ప్రతి కూడలిలోను ఒక విగ్రహము కావలెను. రహదారులపైన విగ్రహములకు అనుమతి యీయరాదని 2013 జనవరిలో సుప్రీముకోర్టు ఉత్తరువిచ్చినను ఆ మక్కువ తీరలేదు. శాశ్వతముగా నుండుననికదా వాదము! గుడివాడ నడుమ బౌద్ధస్తూప మొకటి యుండెడిది. అలెగ్జాండర్ రీ దొరగారు 1894లో భట్టిప్రోలు ఘంటసాలల స్తూపములతో పాటు దీనిని గూర్చియు గ్రంథస్థము చేయునాటికే దానియిటుక చాలవరకు రోడ్లపనికి పోయినది. వేలయేండ్లకని కట్టినది బాటక్రింద పడెను. ప్రొద్దుననే పెట్టి సాయంకాలమునకు కాలిధూళిలో కలిసిపోవు ధనుర్మాసపు ముగ్గు మాత్రము నేటికిని ఆ యూరి వాకిండ్లలో నున్నది. దానిని నిలిపినది సున్నపుపిండి గాదు, తల్లి చేతినుండి కూతురి చేతికి దిగిన అలవాటు.

ఇట్లని మన ప్రాతకాలము నంతయు పొగడుట మా తలంపు కాదు. ఆ పోటీ నిబంధనలలో జనసముదాయమను మాట పలుమారు వచ్చును. మనయూళ్లలో ఆ మాట అంత సులువైనది గాదు. దేవుని ఊరేగింపు ఏ వీథివరకు వచ్చి మరలెడిదో, మాలపల్లెవారు ఎంతదూరమున నిలిచి భాగవతము చూచెడివారో పెద్దల నడిగిన చెప్పగలరు. గుడివాడకు దాపుననున్న కూచిపూడినే చూడుడు. 1672 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన తానాషా అచ్చటి ఆట చూచి మెచ్చి భాగవతులకు ఆ గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని ఐతిహ్యము. గ్రాంటు అనిన అదియే గ్రాంటు. కాని పుచ్చుకొన్నవారు కొన్ని బ్రాహ్మణకుటుంబముల పురుషులు. సత్యభామ జడ మగవాని మెడమీదనే వ్రేలాడినది. ఆడుదాని సిగ్గును కోపమును ఆడుది రంగముమీద పలుకుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చెను. కావున ఏ గ్రాంటు వచ్చినను మేము మొదట అడుగునది ఆ సొమ్ము ఏ పేటవరకు పోవునని.

అయినను ఆ ఐతిహ్యములో నేటి దాతలు గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. రాత్రి ఆట తెల్లవారుసరికి ముగియును, తెర చుట్టుకొనిపోవుదురు. అనగా కళ తాత్కాలికము. దానికిచ్చిన పోషణ మాత్రము భూమి. ఏటేట పంట పండును, పిల్లవాడు గజ్జె కట్టును. నేటి గ్రాంటులలో ఈ వరుస తలక్రిందైనది. రచనయు తాత్కాలికమే, ద్రవ్యమును తాత్కాలికమే. రెండేండ్లు గడచినంతనే లెక్కలు చూపి కాగితములు మూసివేయుదురు, నేర్చినచేతులు చెదరిపోవును. మన ప్రభుత్వముల పోషణయు ఇంతకంటె నిలుకడగలది కాలేదు. 1957లో పుట్టిన సాహిత్య అకాడమీతో పాటు రాష్ట్రపు అకాడమీలను 1983లో ఎత్తివేసిరి. ఎత్తివేసిన ప్రభుత్వమునకు నాయకుడు ఆ యేటి యెన్నికలలో గుడివాడలోను గెలిచిన నటుడు, దాపున నిమ్మకూరులో పుట్టినవాడు. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆ పనులు కొన్ని చేరినవన్నది నిజమే. తప్పొప్పుల విచారణ ఇట ననవసరము. రంగమెరిగినవాని చేతులలోనే పోషణ ఇట్లు మారినప్పుడు రంగమెరుగని అధికారినుండి ఏమి ఆశింతుము?

గుడివాడగాని బందరుగాని అట్టి ద్రవ్యమునకు అర్జీ పెట్టవలసివచ్చిన పక్షమున ఏమని వ్రాయవలెను? సుందరీకరణమని మాత్రము వ్రాయరాదు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు తక్కువగాకుండ మరణించిరి. సొర్లగొంది మొదలగు సముద్రపుటొడ్డు గ్రామములు దాదాపు తుడిచిపెట్టుకొని పోయినవి. నేడు అచ్చటి బడిపిల్లలకు ఆ నీరు ఎంతయెత్తున వచ్చినదో తెలియునా? ఏటేట ఆ దినమున ఊరి పెద్దవారు, చూచినవారు ఇంకను కొందరున్నారు, చేయెత్తి చూపగా, పిల్లలు ప్రతి గోడమీదను, కొబ్బరిచెట్టుమీదను, గుడికిని చర్చికిని రామమందిరమునకును భేదములేక, అంతయెత్తున సున్నపుగీత గీయవచ్చును. చేయి అందనిచోట నిచ్చెన వేసికొందురు. వానకు అది కరగిపోవును. మరుసటియేట మరల గీయవలెను. గీయునప్పుడు తుపాను ఆశ్రయమునకు దారి యెటులో, రేడియో హెచ్చరిక వినినంతనే చేయవలసిన దేమో పెద్దలు చెప్పుదురు. దీనికి పదిలక్షల డాలర్లు అక్కరలేదు. కావలసినది సున్నము, నిచ్చెనలు, ఆనాటికథ చెప్పువారికి దినభత్యము, ఇది తప్పక ఏటేట జరుగునట్లు పంచాయతి పద్దులో నొక వరుస.

ఆ పద్దులో మరియొక వరుసయు నుండవలెను. గోడబొమ్మల గుత్తదారునకు బిల్లు చెల్లించుట మనకు అలవాటే. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి స్త్రీలచేత రోజంతయు వీథి నింపించి, స్టీలు గిన్నె యొకటి చేతబెట్టి పంపుటయు అలవాటే. వారు చేసినదియు పనియే, వారి చేతిలోనిదియు విద్యయే. గుత్తదారునకు చదరపుటడుగునకు కట్టిన ధరనే వారికిని కట్టవలెనని అర్జీలో వ్రాసి, ఆ పిదప దాతల సంతకము పుచ్చుకొనవలెను.