కట్టుబాటు తెలిసి మీరుట: ‘డార్క్ స్టార్’ అను విద్యార్థి చిత్రము

ఒక కోవకు చెందిన కథలన్నిటికి కొన్ని కట్టుబాట్లు ఏర్పడి ఉండును. జానపద చిత్రమనగానే మాంత్రికుడు, రాకుమారి, సాహసియైన పేదవాడు కనబడవలెనని ప్రేక్షకుడు ముందుగానే ఎదురుచూచును. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో ఇవన్నియు ఉన్నవి, వీటిని ఎవరును ఎవరికిని విడమరచి చెప్పవలసిన పని లేకపోయినది. కట్టుబాటు వలన కలుగు లాభము ఇదే, కథకునికి సగము మాటలు మిగులును. నష్టము కూడ ఇదే. చెప్పనక్కరలేని దానిని గురించి ఆలోచించుట కూడ క్రమముగా మానివేయుదురు.

రోదసీయాన కథలలో ఈ ప్రమాదము మరింత హెచ్చు. అందులో కథల కట్టుబాట్లతోపాటు ప్రకృతి నియమములు కూడ పెనవేసుకొని ఉండును. ఏది ఏదియో విడదీయ నేర్వని విద్యార్థి రెండింటిని ఒకే విధముగా గౌరవించును, లేదా ఒకే విధముగా త్రోసివేయును. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో పుట్టిన ‘డార్క్ స్టార్’ను ఈ దృష్టితో పరిశీలించిన ఎంతో తెలియగలదు.

జాన్ కార్పెంటర్, డాన్ ఓబానన్ అను ఇరువురు విద్యార్థులు 1970లో దీనిని ఆరంభించినారు. 1974లో ప్రదర్శనకు వచ్చునాటికి అయిన వ్యయము సుమారు 60,000 డాలర్లు మాత్రమే. కార్పెంటర్ దర్శకుడు. ఓబానన్ రచనలో పాలుపంచుకొని, పిన్‌బ్యాక్ అను పాత్రను ధరించి, ట్రిక్కు దృశ్యములను కూడ చూచుకొన్నాడు. అదే విశ్వవిద్యాలయములో 1967లో జార్జి లూకస్ తీసిన 15 నిమిషముల చిత్రము తీరు వేరు. భవిష్యత్తులో యంత్రముల నిఘా నుండి ఒక మనిషి పారిపోవుట దాని కథ. అంకెలే పేర్లయిన మనుష్యులు, దయలేని అధికారము మొదలగు ఆ కోవ కట్టుబాట్లన్నియు అందున్నవి. లూకస్ వాటిని ప్రశ్నింపలేదు, నేర్పుగా వాడుకొన్నాడు. నేర్చుకొనువానికి అదియు తక్కువ పని కాదు.

కార్పెంటర్, ఓబానన్‌ల యెదుట ఉన్నది స్టాన్లీ కూబ్రిక్ 1968లో నిర్మించిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’. అందులో రోదసి నిశ్శబ్దము, ఓడ శుభ్రము, యాత్రికులు మితభాషులు. విద్యార్థులు ఆ చిత్రమును పాఠమువలె చదివి, ఒక్కొక్క గుణమును తలక్రిందులు చేసినారు. వారి ఓడలోని నలుగురు 20 ఏండ్లుగా తిరుగుచు విసిగిపోయినారు. గడ్డములు పెరిగినవి, గదులు పాడైనవి, మరుగుదొడ్డిలో వాడు కాగితమంతయు ఒక ప్రమాదములో నాశనమైనది. గ్రహాంతర జీవి యన్ననో, గాలి నింపిన ఆటబంతికి తగిలించిన రెండు పాదములు! బీదతనము చేతనే బంతిని వాడినారనుట నిజము కావచ్చును. కాని ఆ బీదతనమును దాచక నవ్వుగా మార్చుటలో తెలివి ఉన్నది.

ఈ నలుగురి ఉద్యోగము, మానవులు ముందుముందు నివసింపబోవు ప్రాంతములలో నిలకడలేని గ్రహములను బాంబులతో ధ్వంసము చేయుట. ఆ బాంబులు మాటలాడును, ఆలోచించును. ఓడలోని లోపముల వలన 20వ సంఖ్యగల బాంబునకు అంతకు మునుపే తప్పుడు ఆజ్ఞలు అందియున్నవి. తుదకు అది ఓడనుండి విడివడక, ఉన్నచోటనే పేలెదనని పట్టుబట్టును. కూబ్రిక్ చిత్రమున హాల్ అను యంత్రము ఎదురు తిరిగినపుడు యాత్రికుడు దాని జ్ఞాపకశక్తి భాగములను ఊడదీయును. ఇక్కడ డూలిటిల్ అను నాయకుడు ఓడ వెలుపలికి పోయి బాంబుతో వాదమునకు దిగును. బయటి ప్రపంచము దానికి తన పరికరముల ద్వారానే గదా తెలియుట? ఆజ్ఞ నిజముగా వచ్చినదనుటకు నిదర్శనమేమి? బాంబు సందేహములో పడి ఆలోచించుటకై లోపలికి పోవును. ఆలోచించి ఒక సిద్ధాంతమునకు వచ్చును: తాను తప్ప లోకములో మరేమియు లేదు! ఇక సృష్టికర్తవలె వెలుగును పుట్టించదలచి పేలిపోవును.

ఎదురు తిరిగిన యంత్రము అను కట్టుబాటును వారు తీసివేయలేదు. దానినే మరి నాలుగడుగులు నడిపించినారు. ఈ యంత్రము దుష్టము కాదు. దాని తర్కములో లోపము పట్టుట కూడ అంత సులభము కాదు. మీటరు చూపిన అంకె వేరు, దానినుండి మనము చేయు నిర్ధారణ వేరు అని ప్రయోగశాలలో మొదటి సంవత్సరమే విద్యార్థులకు చెప్పుచుందురు. ఆ మాటను ఇంత వినోదముగా చూపిన చిత్రము మరియొకటి దొరకుట కష్టము.

అన్నిచోట్ల ఈ మెలకువ లేదు. పిన్‌బ్యాక్ ఆ బంతిజీవిని తరుముచు పోయి లిఫ్టు గొట్టములో వ్రేలాడు ఘట్టమంతయు క్రింద పడుదుమను భయముపై ఆధారపడినది. ఆకర్షించు గ్రహము చెంత లేక సాగిపోవు ఓడలో ‘క్రింద’ అనునది ఎక్కడ? కూబ్రిక్ తిరుగు చక్రము నొకటి నిర్మించి ఈ ప్రశ్నకు సమాధానమిచ్చినాడు. విద్యార్థులు ఏ సమాధానమును ఇవ్వలేదు. రోదసి చిత్రములలో అందరును నేలమీదవలె నడచుటకు ప్రేక్షకుడు అలవాటు పడినాడు గనుక వారును నడిపించినారు. బాంబుచేత తత్త్వము పలికించినవారు ఈ చిన్న విషయమున ఇంత బుద్ధిమంతులగుట వింతయే.

కథ తుదిని డూలిటిల్ ఒక శకలముపై నిలిచి, గ్రహ వాయుమండలములోనికి జారి, ఉల్కవలె మండిపోవును. ఇది రే బ్రాడ్‌బరీ 1949లో ప్రచురించిన ‘కెలైడోస్కోప్’ కథ ముగింపును పోలియున్నది. శాస్త్రరీత్యా ఇందులో తప్పు లేదు. అతివేగముగా దూసుకువచ్చు వస్తువునకు ముందున్న గాలి ఒక్కమారుగా నొక్కుకొనిపోయి వేడెక్కును. ఉల్కలను మండించునది ముఖ్యముగా ఆ వేడియే.

సాపేక్ష సిద్ధాంతమును కూడ వారు వాడుకొన్నారు. భూమిపై 20 ఏండ్లు గడవగా యాత్రికులకు పెరిగిన వయస్సు 3 ఏండ్లే. కాంతి వేగములో దాదాపు 98.9 శాతము వేగముతో పయనించినచో ఈ లెక్క సరిపోవును. కాని అదే చిత్రమున భూమినుండి మాటలాడు అధికారి, సందేశములకు పదేండ్లు ఆలస్యమగుచున్నది కనుక ఓడ 18 పార్సెక్కుల దూరమున ఉండవచ్చునని అంచనా వేయును. పార్సెక్కు అనగా 3.26 కాంతి సంవత్సరములు. 18 పార్సెక్కులు దాటుటకు రేడియో తరంగమునకు సుమారు 59 ఏండ్లు కావలెను. పదేండ్లలో అది పోగలిగినది 3 పార్సెక్కులకు కొంచెము పైగా మాత్రమే. ఇది హాస్యము కొరకు చేసిన ఉల్లంఘన కాదు, ఏలననగా ఆ అంకె విని ఎవరును నవ్వరు. ఒక్క గుణకారము చేసియున్న సరిపోయెడిది.

విద్యార్థి దశలో తక్కువ నిడివి గల ఈ చిత్రమును సినిమాహాళ్ల కొరకు 83 నిమిషములకు సాగదీసినారు. విద్యార్థి చిత్రముగా ఎంతో గొప్పగా ఉన్నది, వృత్తి చిత్రముగా మారి వెలవెలబోయినదని ఓబానన్ తరువాత వాపోయినాడు. అతని బాధలో న్యాయమున్నది. నడుమ కొన్ని ఘట్టములు నిజముగానే ఈడ్చుకొనిపోవును. 1979లో రిడ్లీ స్కాట్ దర్శకత్వమున వచ్చిన ‘ఏలియన్’కు రచన చేసినది ఈ ఓబాననే. ఓడలో తప్పించుకొని తిరుగు జీవియు, దానిని వెదకుచు ఇరుకు దారులలో ప్రాకు మనిషియు అందులో మరల వచ్చినారు. ఈసారి ఆటబంతి లేదు, ఆ నవ్వును లేదు.