సండూరు సీమ మట్టిమిద్దెలు: మూల్యాంకనమును గూర్చి ఒక విమర్శ

పాతయిండ్లు ప్రకృతికి హితములనుట నేడు పరిపాటియైనది. అది నిజమా యని యడుగుటకంటె ఏ కొలతతో నిజమని యడుగుట మేలు. ఇందుకు బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని యశ్వంతనగర్ ప్రాంతము తగిన తావు. 1949 వరకు ఘోర్పడే వంశీయుల సంస్థానమైన ఈ సీమ 1953 అక్టోబరులో మైసూరు రాజ్యమున చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. మనము మిద్దె యనునది అచ్చట మాళిగ. సరిహద్దు గీత కట్టుబడిని మాత్రము విడదీయలేదు.

రాతిగోడలు, కొయ్య స్తంభములు, దూలములు, వానిపై దంతెలు, అడ్డకట్టెలు, ఆకురొట్ట, ఆపై మట్టి. అన్నిటికి పైన చౌడు. వెలుతురునకు గవాక్షి. ఇందు చౌడు విశేషముగ గమనింపదగినది. చౌడునేలలో సోడియము అధికము. తడిసినప్పుడు బంకమన్ను రేణువులు విడివడి సందులను పూడ్చును. నీరు క్రిందికి దిగదు. పైరునకు శత్రువైన గుణమే కప్పునకు రక్షయైనది. ఏ బంజరు చౌడు పనికివచ్చునో యెరిగిన రైతునకు ఈ రసాయనశాస్త్రము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక లెక్క. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన వెంకటరామారెడ్డి, జగదీశ్ గారలు 2003లో ప్రకటించిన పరిశోధన ననుసరించి కిలో సిమెంటు తయారగుటకు 5.85 మెగాజౌలుల శక్తి వలయును, సున్నమునకు 5.63, ఉక్కునకు 42. సున్నమును వేనోళ్ల పొగడువారు మధ్య సంఖ్యను చూడవలెను. నలుబది చదరపు మీటర్ల యింటికి పన్నెండు సెంటీమీటర్ల కాంక్రీటు కప్పు వేసినచో, సిమెంటు రమారమి 1,500 కిలోలు, ఉక్కు 380 కిలోలు పట్టునని యెంచుకొందము. రెండును కలిసి ఇంచుమించు 25,000 మెగాజౌలులు. అందు మూడింట రెండుపాళ్లు ఉక్కుదే. ఆ ఉక్కునకు మూలమైన ఖనిజము ఈ సండూరు కొండలలోనే యున్నది. త్రవ్వకములు మితిమీరిన పిమ్మట 2011లో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల పని నిలిపివేయవలసి వచ్చినది. కావున కప్పు లెక్కలో కొండ లెక్కయు చేరవలెను.

ఇంతమాత్రమున మట్టిమిద్దె గెలిచినదనుట తొందరపాటు. అడుగు మందము గల మట్టి చదరపు మీటరునకు దాదాపు అయిదువందల కిలోల బరువు. పైన చెప్పిన కాంక్రీటు కప్పు మూడువందలకు లోపు. ఏటేట పాత చౌడు తీయక కొత్తది పోయుచు వచ్చినచో ఈ భారము పెరుగుచునే యుండును. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపమున, మట్టియడుసుతో కట్టిన రాతిగోడలును బరువైన మట్టికప్పులును కూలి వేలమంది నిద్రలోనే మరణించిరి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు కర్నూలు, మంత్రాలయము ప్రాంతములలో నీట నానిన మట్టిగోడల గతి యేమైనదో మనము చూచినదే. దూలములకు వలయు పెద్దమ్రాకుల మాటయు కలదు. అడవి తరిగిన నేడు వానిని ఎచ్చటనుండి తేవలెను? ప్రాచీనతను కీర్తించు వ్యాసములు ఈ ప్రశ్నను దాటవేయుచున్నవి.

జనాభా లెక్కలవారి పద్ధతియు దోషరహితము కాదు. గోడకును కప్పునకును వాడిన వస్తువును బట్టియే వారు ఇంటిని శాశ్వతమనియో అర్ధశాశ్వతమనియో తాత్కాలికమనియో నిర్ణయింతురు. మూడు తరములు నిలిచిన మట్టిమిద్దె శాశ్వతము కాదట! వేరొక కొసన, హైదరాబాదులోని సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమునకు 2003లో లీడ్ ప్లాటినము శ్రేణి లభించినది. అది కొనియాడదగిన కట్టడమే. కాని కార్యాలయమునకు తగిన తూనికతో రైతు యింటిని తూచరాదు.

అన్నిటికంటె పెద్ద లోపము శ్రమను విడిచిపెట్టుట. వానలకు ముందు ఎవరో మిద్దె యెక్కి చౌడు పరచవలెను; గోడలను, నేలను ఎవరో పేడతో అలుకవలెను. ఈ రెండవ పని ఆడువారిదే. దానిని ఉచితమని యెంచి వేసిన లెక్క సగము లెక్క. కుటుంబము కూలికై వలసపోయిన యేడు మిద్దె కారును, దంతె నానును, చెద పట్టును. మట్టి వలన గాక మనిషి లేమి వలన ఆ యిల్లు పడిపోవును.

కావున మూల్యాంకనము చేయువారు మొదట మిద్దె యెక్కి మట్టి మందము కొలువవలెను. పిదప దూలముల మొదళ్లను తట్టిచూచి, ఆ యింట వానకాలమునకు ముందు ఊరనుండువారెవ్వరో యడుగవలెను. కొత్త చౌడు పోయుటకు ముందు పాతది చెక్కివేసినచో, గోడల మూలలు కలిసియుండునట్లు కట్టురాళ్లు వేసినచో, మిద్దె భారమును భయమును చాలవరకు తగ్గును. కొత్త కొయ్యయు అంతగా అక్కరలేదు.