పీకుడు కూలి

ఠ పొట్టలో చుక్క ఊడితే అది ర అవుతుంది. థ పొట్టలో చుక్క ఊడితే ధ అవుతుంది. స్టిక్కర్ పనిలో కొత్తగా చేరిన కుర్రాడికి నేను ముందుగా చెప్పేది ఇదే. మిషను ఆ చుక్కను నిక్కచ్చిగానే కోస్తుంది. చుట్టూ ఉన్న వేస్టు లాగేటప్పుడే చిక్కు. అక్షరం కడుపులోని ముక్కతో పాటు చుక్క కూడా లేచి వచ్చేస్తుంది. రెండు మిల్లీమీటర్లు ఉండదు, పోయిన సంగతి కూడా తెలియదు. ఆ తర్వాత బడి వ్యాను మీద ‘పారశాల’ అని ఊరంతా తిరుగుతుంది. మా వైపు అలాంటి వ్యాను ఒకటి చాన్నాళ్లు తిరిగింది. ‘రధోత్సవం’ బోర్డులకైతే లెక్కే లేదు. అవే చూసి చూసి అలవాటైపోయి, ఇప్పుడు ‘కథ’కు సరిగ్గా చుక్క పెట్టి ఇస్తే ‘ఇక్కడేదో ఎక్స్‌ట్రా చుక్క పడిందన్నా’ అని గోటితో గీకబోయేవాళ్లు కూడా తయారయ్యారు.

నాది ఖమ్మంలో చిన్న స్టిక్కర్ షాపు. పైన రేడియం వర్క్స్ అని ఉంటుంది, లోపల రేడియం రవ్వంత ఉండదు. మెరిసే స్టిక్కర్‌ను జనం ఎప్పుడో రేడియం అన్నారు, మేమూ అదే రాసుకున్నాం. రెండడుగుల కటింగ్ ప్లాటరు, ఒక కంప్యూటరు, గోడ పొడవునా రంగురంగుల వినైల్ రోళ్లు, మంచి వెలుతురున్న చోట ఒక బల్ల. పని జరిగేది బల్ల మీదే. కోరల్‌డ్రాలో అక్షరాలు పేర్చి ప్లాటరుకు పంపితే బ్లేడు పైనున్న వినైల్ వరకే కోయాలి, కింది కాగితానికి గీత పడకూడదు. తర్వాత అక్షరాలు తప్ప మిగతాదంతా బ్లేడు మొనతో ఎత్తి లాగేయాలి. దాన్నే మేం పీకుడు అంటాం. మాట కాస్త మోటే, కానీ ఇంకో మాట మాకు లేదు. పీకాక పైన మాస్కింగ్ టేపు పరిచి, అక్షరాలన్నిటినీ ఒక్కసారే దాని మీదకు ఎక్కించి, అద్దానికో బండికో అతికించి, టేపు వెనక్కి లాగాలి.

కస్టమర్ వచ్చి నిలబడేది మాత్రం ప్లాటరు దగ్గరే. బ్లేడు అటూ ఇటూ ఉరుకుతుంటే ఫోనులో వీడియో తీసుకుంటాడు. అది ఆగగానే అడిగేది ఒకటే: ‘మిషనే కోస్తుంది కదా, ఇంతెందుకు?’ మిషను పని అయిదు నిమిషాలు. తెలుగు అక్షరాలైతే పీకుడు అరగంట. అప్పటికి ఆయన టీకి వెళ్లి ఉంటాడు.

నిజానికి కోతకు తెలుగు హాయి. ప్లాటరు బ్లేడు మొన నడిమధ్యలో ఉండదు, పావు మిల్లీమీటరు పక్కకు ఉంటుంది. లాగిన వైపుకు తనే తిరుగుతూ వస్తుంది. ఇంగ్లీషు ఈ, ఎఫ్, హెచ్ లాంటి వాటికి ప్రతి మూలలో ఆగి మలుపు తీసుకోవాలి. మన గుండ్రటి అక్షరాల్లో ఆ బాధ లేదు, సాఫీగా పోతుంది. చావంతా పీకుడులోనే. ‘లక్ష్మీ’ తీసుకోండి, మన ఊళ్లలో ప్రతి వీధికీ ఉండే పేరే. క కింద ష వత్తు, దాని కింద మ వత్తు, పైన గుడిదీర్ఘం. ఆ మూడింటి మధ్య ఇరుకు సందుల్లో ఇరుక్కున్న వేస్టు ముక్కలు ఒక్కోటీ విడివిడిగా రావాలి. ఒక్కటి గట్టిగా లాగితే మ వత్తు తోక లేస్తుంది. అదే పేరు ఇంగ్లీషులో అయితే నిట్టనిలువు గీతలు, ఒక కొస పట్టుకుని లాగితే వేస్టంతా ఒక్క ఊపులో వచ్చేస్తుంది.

పీకుడు కన్నా ముందు కంప్యూటర్లో ఇంకో పని ఉంది. మా షాపులన్నీ అను ఫాంట్ల మీద బతికాయి. వాటిలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు దేనికదే విడి ముక్క. తెర మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒకే అక్షరంలా కనిపిస్తాయి. ప్రింటుకు ఇబ్బంది లేదు. కత్తికి అలా కాదు, గీత కనిపిస్తే కోస్తుంది. తలకట్టు అక్షరం మీద ఎక్కిన చోట కూడా కోసేసి ముక్కలు చేస్తుంది. అందుకని పంపే ముందు అన్నిటినీ వెల్డ్ కొట్టి ఒక్కటి చేయాలి. ఇప్పుడు యూనికోడ్‌లో రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. నా ఓటు రామభద్రకు. బొద్దుగా ఉంటుంది, పీకేటప్పుడు చేతికి దొరుకుతుంది. బాపు గారి చేతిరాత ఫాంటు పెళ్లి కార్డు మీద ముద్దుగానే ఉంటుంది. చిన్న సైజులో కత్తికి ఇస్తే మాత్రం తోకలన్నీ తెగి గోటికి అంటుకుంటాయి.

ఈ మిషన్లకు మూలపురుషుడు జోసెఫ్ గెర్బర్. 1924లో వియన్నాలో పుట్టి, నాజీల చేతి నుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరాడు. హార్ట్‌ఫర్డ్ దగ్గర కంపెనీ పెట్టి, తర్వాత బట్టలు కత్తిరించే మిషన్లు చేశాడు. 1980ల మొదట్లో వినైల్ అక్షరాలు కోసే సైన్‌మేకర్ తెచ్చాడు. మహానుభావుడే. కానీ వత్తు కింద వత్తు ఉంటుందని ఆయనకు కలలో కూడా తట్టి ఉండదు.

నా అసలు గోడు రేటు దగ్గర. బ్రష్‌తో బోర్డులు రాసిన కాలంలో ఆర్టిస్టుతో బేరం అక్షరాల లెక్కన ఉండేది. చేయి ఎంత తిరిగితే అంత డబ్బు. ఫ్లెక్సీ వచ్చాక లెక్క చదరపు అడుగుకు మారింది. ప్రింటుకు ఆ లెక్క న్యాయమే. ఇంకు పోసే మిషనుకు ఏ భాషైనా ఒకటే. ఆ లెక్కనే తెచ్చి కటింగ్ స్టిక్కర్ నెత్తిన పెట్టారు. అదే అడుగు, అదే రేటు, తెలుగుకు మూడింతల పని. అప్పుడు షాపువాడు ఏం చేస్తాడు? ‘ఇంగ్లీషులో వేయించుకో అన్నా, నీట్‌గా ఉంటది’ అంటాడు. ఆ ‘నీట్’ ఎవరి సుఖం కోసమో కస్టమర్‌కు తెలియదు.

బోర్డులన్నీ ఇంగ్లీషైపోయాయని సభల్లో బాధపడుతుంటారు. కాన్వెంటు చదువులంటారు, భాషాభిమానం తగ్గిందంటారు. దుకాణాల చట్టం నిబంధనల్లో బోర్డు మీద తెలుగు ఉండాలని ఉందనీ గుర్తుచేస్తారు. అన్నీ నిజమే కావచ్చు. మీరు ఒక్కసారి బజారులో నడుస్తూ గమనించండి. పుట్టినరోజు ఫ్లెక్సీల మీద, శుభాకాంక్షల మీద, సంతాపాల మీద తెలుగు దండిగా ఉంటుంది. అదే బజారులో అద్దాల తలుపుల మీద, కార్ల వెనక ఇంగ్లీషు. మనుషులు అవే మనుషులు. మొదటిది ప్రింటు, రెండోది కోత. అభిమానం సంగతి నాకు తెలియదు, నా బల్ల దగ్గర కనిపించే కారణం మాత్రం పీకేవాడికి గిట్టకపోవడమే.

వినైల్ గురించి కూడా రెండు మాటలు. చూడ్డానికి అన్నీ ఒకలాగే మెరుస్తాయి. మామూలు రోలు పీవీసీ ముద్దను వేడి రోలర్ల మధ్య చపాతీలా ఒత్తి సాగదీసి చేసింది. ఎండ తగిలితే మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. కాస్ట్ వినైల్ పల్చటి ద్రవాన్ని పరిచి ఆరబెట్టి చేసింది. దాన్ని సాగదీయలేదు కాబట్టి ముడుచుకోవాలనే కోరికా పెద్దగా ఉండదు, రేటు మాత్రం మండుతుంది. 45 డిగ్రీలు దాటే మా ఖమ్మం ఎండలో ఈ తేడా రెండు వేసవుల్లో బయటపడుతుంది. పాత స్టిక్కర్‌ను దగ్గరగా చూడండి. ప్రతి అక్షరం చుట్టూ సన్నటి నల్ల అంచు కడుతుంది. అది డిజైన్ కాదు. అక్షరం ముడుచుకుపోయి, ఖాళీ అయిన చోట మిగిలిన జిగురుకు దుమ్ము పట్టింది. రంగుల్లో ఎరుపు ముందు వెలిసిపోతుంది, నలుపు చివరిదాకా ఉంటుంది. పార్టీ జెండా రంగులడిగేవాళ్లకు ఈ సంగతి చెప్పాలో లేదో తేల్చుకోలేను.

మే నెలలో మధ్యాహ్నం బానెట్ మీద స్టిక్కర్ వేయమంటే నేను వేయను. ఇనుము కాలిపోతుంటే జిగురు తగలగానే పట్టేస్తుంది, సర్దడానికి సందివ్వదు. పొద్దున్నే రమ్మంటాను, లేదంటే నీడలో పెట్టి షాంపూ నీళ్లు చల్లి, స్టిక్కర్‌ను జార్చుకుంటూ సరిచేసి, నడుమ నుంచి అంచులకు నీళ్లు తోసేస్తాను. తోయడానికి మంచి పరికరం కాలం చెల్లిన ఏటీఎం కార్డు. బైకు మడ్‌గార్డు గరుకు నల్ల ప్లాస్టిక్ మీద వేయమన్నా ఒప్పుకోను. దానికి ఏ జిగురూ సరిగ్గా పట్టదు, వారంలో లేస్తుంది, తిట్లు నాకు.

మా ఊళ్లో గ్రానైట్ ఫ్యాక్టరీలు ఉండటంతో శిలాఫలకాల పనీ వస్తుంది. అది తిరగేసిన పని. దళసరి స్టిక్కర్ మీద పేర్లు కోసి రాతికి అంటించి ఇసుకను వేగంగా కొట్టిస్తారు. స్టిక్కర్ ఉన్న చోట ఇసుక తగిలి ఎగిరిపోతుంది, ఖాళీ ఉన్న చోట రాయిని తింటుంది. కాబట్టి ఇక్కడ అక్షరాన్ని పీకి చుట్టూ ఉన్నదాన్ని ఉంచాలి. ఠ పొట్ట ఉండాలి, చుక్క పోవాలి. మామూలు పనికి అలవాటుపడ్డ చేయి ఇక్కడ తడబడుతుంది. అంతకన్నా తడబడేది ఆఫీసు నుంచి వచ్చే పేర్ల జాబితా. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అన్నది ప్రారంభోత్సవం ముందు రాత్రి దాకా మారుతూనే ఉంటుంది. స్టిక్కర్ అయితే పీకి ఇంకోటి వేస్తాం, ఇసుక కొట్టిన రాయిని ఏం చేయలేం. అందుకే ఫోనులో చెప్పిన పేర్లు కోయను, కాగితం మీద సంతకం కావాలంటాను.

నంబరు ప్లేట్లు ఒకప్పుడు మా అన్నం గిన్నె. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా జిల్లా ఏపీ 20 బండ్ల మీద ఏపీకి బదులు టీజీ అతికించమని కుర్రాళ్లు బారులు తీరేవారు. 2014లో రాష్ట్రం వచ్చాక అది టీఎస్ అయింది. 2024 మార్చిలో కొత్త బండ్లకు టీజీ వచ్చింది. పాతవి మార్చనక్కర్లేదని ప్రభుత్వం చెప్పినా, ఎస్ తీసి జీ పెట్టమని వచ్చేవాళ్లు వచ్చారు. పెట్టలేదు. అప్పటికే ప్లేట్లు మా చేతిలోంచి పోయాయి కూడా. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండికి హాలోగ్రాం, లేజర్ అంకెలు, విప్పితే విరిగే లాకు ఉన్న హై సెక్యూరిటీ ప్లేటు షోరూం నుంచే వస్తోంది. అంతకుముందే 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ము వద్దంది. రెండు దెబ్బలూ తగిలాయి, రెండూ న్యాయమైనవే. 8055ను బాస్‌లా కనిపించేట్టు వంకరగా రాయించుకున్నవాడి బండి గుద్దేసి పోతే ఆ నంబరు ఎవరు చదవగలరు? ఇప్పటికీ ‘పోలీస్’, ‘ప్రెస్’ అని అడిగేవాళ్లను కార్డు చూపించమంటాను. కులం పేరు పెద్దక్షరాల్లో వేయమనే కుర్రాళ్లకు రోలు అయిపోయిందంటాను. అబద్ధమే, కానీ వాదన కన్నా చవక.

షాపులో నాకు బాగా నచ్చిన పని ఒకటుంది, అందులో అక్షరం లేదు. మిర్చి సీజనులో రాత్రిళ్లు ట్రాక్టర్లు బస్తాలతో మార్కెట్‌కు బారులు తీరుతాయి. చాలా ట్రాలీలకు వెనక లైటు ఉండదు. వాటికి మెరిసే టేపు వేస్తాను: ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. ఆ టేపు ఉంటే వెనకొచ్చేవాడి హెడ్‌లైటు వెలుగు తిరిగి వాడి కళ్లలోకే వస్తుంది. బజారులో చవక టేపు దొరుకుతుంది, పగలు అసలుదానికన్నా బాగా మెరుస్తుంది. నేను పెట్టే పరీక్ష ఒకటే. చీకట్లో పది అడుగుల దూరం నడిచి, ఫోను లైటును కణత పక్కనే పట్టుకుని చూడమంటాను. వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళ్లేది అసలు టేపు, అది భగ్గుమంటుంది. చవకది బూడిద రంగులో ఉండిపోతుంది. తుప్పు పట్టిన ట్రాలీ రేకును వైర్ బ్రష్‌తో గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, సొట్టలు, రివిట్లు తప్పించి ముక్కలుగా అతికించాలి. రైతు బేరమాడతాడు, ఆడనీ.

ఈమధ్య బిల్లులో ఒక కొత్త గీత చేర్చాను. చదరపు అడుగుల రేటు ఒక వరస. దాని కింద ‘పీకుడు కూలి’, అక్షరానికి ఇంత, వత్తుకు వేరే. ఇంగ్లీషు అక్షరానికీ ఉంది, తక్కువ. అంగుళం కన్నా చిన్న తెలుగు అక్షరం కత్తితో కోయను, ప్రింటు తీసుకోమంటాను. తోటి షాపులవాళ్లు నవ్వారు. ఇద్దరు మాత్రం ఎంత పెట్టావని మెల్లగా అడిగి వెళ్లారు.

మొన్న కొత్తగా జనరల్ స్టోర్ పెడుతున్న కుర్రాడొకడు అద్దం తలుపుకు తెలుగులో రాయించుకోవడానికి వచ్చాడు. దేవుడి పేరుతో షాపు పేరు, దాని కింద ‘మా వద్ద అన్ని రకముల పూజా సామగ్రి, ఫ్యాన్సీ వస్తువులు సరసమైన ధరలకు లభించును’. లెక్క కట్టి ఇచ్చాను.

‘ఈ పీకుడు కూలి ఏంది బాబాయ్?’

బల్ల దగ్గర కూర్చోబెట్టి, శ్రీ ఒక్కటి కోసి చేతికిచ్చి పీకమన్నాను. క్రారవడి దగ్గర చెమట పట్టింది. ఆ తర్వాత రేటు గురించి మాట్లాడలేదు. జేబులోంచి పెన్ను తీసి కాగితాన్ని కిందా మీదా చూశాడు. వత్తులతో నిండిన దేవుడి పేరును ముట్టుకోలేదు. ‘సరసమైన ధరలకు’ మీద అడ్డంగా గీత కొట్టి కాగితం నా ముందుకు తోశాడు.